పూల మధ్య పిల్లి ఉన్న బొంత: నేను తరచూ వినే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

మా అమలాపురం వైపు బొంత అంటే పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, చేత్తో బారుగా కుట్లు వేసి, చంటిపిల్లల పక్కలోకి వేసేది. నేను గుడ్డముక్కలతో బొమ్మలు కుట్టే బొంతలు మాత్రం గోడకు తగిలించేవి. వాటిలో ముద్దబంతి పువ్వు పిల్లి తలకన్నా పెద్దదిగా ఉంటుంది, కుక్క మందారాన్ని గొడుగులా పట్టుకుని కూర్చుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు అనే మాటలు మాత్రం ఇంచుమించు ఎప్పుడూ అవే.

అపోహ: బొమ్మలు గీయడం వచ్చి ఉండాలి.

నాకు ఇప్పటికీ రాదు. ఫోన్‌తో ఫొటో తీసి, జిరాక్స్ షాపులో పెద్దది చేయించి, ట్రేసింగ్ పేపర్ మీద గీతలు దించుకుంటాను. ఫొటో మాత్రం నేల మీద కూర్చుని, పిల్లి కళ్ల ఎత్తులో తీయాలి. నిలబడి తీస్తే తల బూరెలా, కాళ్లు పుల్లల్లా వస్తాయి. తర్వాత ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది చూసుకుంటాను. ఆ తేడా సరిగ్గా పడితే రంగు ఏదైనా నడుస్తుంది. మా పిల్లిని ఊదారంగు జాకెట్టు ముక్కలతో కుట్టాను, ఊదా పిల్లి ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

కోడిపుంజు దగ్గరే దెబ్బతిన్నాను. నచ్చిన రంగులన్నీ వేసి కుడితే, భీమవరం నుంచి వచ్చిన బాబాయి ఒకాయన చాలాసేపు చూసి, "ఇంతకీ ఇది డేగా, కాకా అమ్మా?" అన్నాడు. పందెం పుంజుల్లో ఈకలు ఎరుపైతే డేగ, నలుపైతే కాకి అంటారు. పుంజు ఈకలతో మన జిల్లాల్లో ఆటలాడకూడదు.

అపోహ: పాత చీర ఏదైనా పనికొస్తుంది.

ముందు వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. కుచ్చిళ్లు పడ్డ చోట, మడతల వెంట నూలు పలచబడి ఉంటుంది. రెండు బొటనవేళ్లతో లాగితే పిగిలేది పక్కన పెట్టేయండి. నూలో పాలిస్టరో తేలకపోతే నాలుగు పోగులు కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టరైతే గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలుకు పెట్టే ఇస్త్రీ వేడికి పాలిస్టరు ముక్క కరిగి పెట్టెకే అంటుకుంటుంది.

అపోహ: ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు దిగదు.

ఇది మా అత్తయ్య కూడా నమ్మేది, నేనూ నమ్మి ఒక బొంత పాడు చేసుకున్నాను. ఎర్ర మందారాలు, కింద తెల్ల కుక్క. ఉతికాక కుక్క గులాబీ రంగుకు తిరిగింది. ఉప్పు పని రంగు తొట్టెలో, అద్దకం వేసేటప్పుడు. అప్పుడు రంగు నూలులోకి ఎక్కడానికి అది సాయపడుతుంది. అద్దకం అయిపోయిన గుడ్డలో అంటకుండా మిగిలిపోయిన రంగును ఉప్పుగానీ వెనిగర్‌గానీ కట్టిపడేయలేవు. దాన్ని ఉతికి వదిలించాల్సిందే. ఎర్ర ముక్క, తెల్ల ముక్క కలిపి వేడి నీళ్లలో అరగంట ఉంచండి. తెల్లది తెల్లగా ఉంటేనే కత్తెర పట్టండి. ఎలాగూ కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కాబట్టి ఈ తడుపు తప్పదు.

అపోహ: దూది ఎక్కువ పెడితే బొమ్మ ఉబ్బుతుంది.

ఉబ్బును తెచ్చేది కుట్టు. కుట్టు పడ్డ చోట గుడ్డ అణుగుతుంది, పడని చోట లేస్తుంది. పిల్లి చుట్టూ ఖాళీని పావు అంగుళం దూరంలో దగ్గర దగ్గరగా కుట్టేసి, ఒంటి మీద తక్కువ కుట్లు వేయండి, అదే పైకి తేలుతుంది. ఆ కుట్లు కూడా బొచ్చు వాలిన వైపే పోవాలి: ముక్కు దూలం నుంచి నుదుటి మీదికి, బుగ్గల మీద వెనక్కి, ఛాతీ మీద కిందికి. కళ్లలో మెరుపు చుక్క రెండింటికీ ఒకే పక్కన పడాలి, లేకపోతే మెల్లకన్ను వస్తుంది. బూరుగు దూది దిండ్లకు బంగారమే, బొంతలో మాత్రం జారి ఒక మూలకు చేరుతుంది. నేను పాత నూలు చీర రెండు పొరలే పెడతాను.

అపోహ: మెషిన్ మీద కుడితే చేతిపని కాదు.

సూది కింద గుడ్డను ముందుకు లాగే పళ్లు దించేశాక మెషిన్ గుడ్డను లాగదు. సూది పైకీ కిందికీ ఆడుతుంది, అంతే. గుడ్డను తిప్పేది, కుట్టు పొడుగు నిర్ణయించేది మన చేతులే. ఇంకేం కావాలి?

అపోహ: ఇదంతా ఇప్పటి ఫ్యాషన్.

అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అనే ఆవిడ బైబిల్ కథల్ని గుడ్డముక్కలతో కుట్టిన బొంత 1886లోనే ప్రదర్శనకు వెళ్లింది. డబ్బుకు ఇబ్బందై తర్వాత దాన్ని 5 డాలర్లకు అమ్ముకుంది. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. నా బొంతకు రేటు చెప్పగానే "గుడ్డముక్కలకి ఇంతా?" అనేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. బేరం మాత్రం ఆగదు.

అపోహ: ప్లాస్టిక్ కవర్లో పెడితే భద్రం.

మన వానాకాలంలోనా! లోపలి తడి బయటికి పోక బూజు పడుతుంది. పాత నూలు దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టి, ఎండ కాసిన రోజు తీసి నీడపట్టున గాలికి ఆరేయండి. మళ్లీ పెట్టేటప్పుడు పాత మడత మీదే మడవకండి. నేను అలాగే మడిచిపెట్టిన బొంతలో చేమంతికి నడిమధ్యన గీత పడింది. దాని మీద నరసాపురం లేసు ముక్క కుట్టి కప్పేశాను.