బ్యాంకాక్ బ్యాగులో ఓఆర్‌ఎస్ సరే, సీసా ఎంతదో చూశారా?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, పిల్లల ఓపీలో సగం ప్రశ్నలు బ్యాంకాక్ గురించే. స్ట్రోలర్ కావాలా, ఏ సిరప్‌లు పెట్టుకోవాలి, అక్కడి ఐసు మంచిదేనా అంటూ చీటీ రాసుకుని మరీ వస్తారు. ఓఆర్‌ఎస్ మాట ఎత్తితే మాత్రం “అది ఉందిలెండి” అనేస్తారు. ఆ ప్యాకెట్ ఎన్ని నీళ్లకో చూశారా అంటే జవాబు ఉండదు.

అపోహ: ఓఆర్‌ఎస్ ఎన్ని నీళ్లలో కలిపినా ఓఆర్‌ఎస్సే.

కానే కాదు. మన మందుల షాపులో ఇచ్చే పెద్ద ప్యాకెట్, అంటే 21 గ్రాములది, లీటరు నీళ్లకు. బ్యాంకాక్‌లో ఏ 7-ఎలెవెన్ కొట్లో దూరినా చేతికొచ్చే నీళ్ల సీసా ఎక్కువగా 600 మి.లీ.ది, లేదంటే లీటరున్నరది. మాల్‌లో బిడ్డకు రెండోసారి మోషన్ అయ్యేసరికి కంగారులో 600 సీసా మూత తీసి లీటరు ప్యాకెట్ మొత్తం వంపేస్తారు. లీటరుకు 75 మిల్లీమోల్స్ ఉండాల్సిన సోడియం 125 అయిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిన బిడ్డకు అంత ఉప్పు పడితే దాహం ఇంకా పెరుగుతుంది. రక్తంలో సోడియం ఎక్కువై చికాకు, మగత, ముదిరితే ఫిట్స్. అదే ప్యాకెట్ లీటరున్నరలో కలిపితే సోడియం 50కి పడిపోతుంది, పోయిన ఉప్పుకు అది చాలదు. “సగం ప్యాకెట్ వేస్తే సరిపోదా?” అని అడుగుతారు. సరిపోదు. పొడిలో ఉప్పు, గ్లూకోజు సమంగా కలిసి ఉంటాయన్న భరోసా లేదు. పైగా తెరిచిన ప్యాకెట్ ఆ ఉక్కపోతకు గడ్డకడుతుంది.

చేయాల్సింది తేలికే. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు (4.2 గ్రాములవి) కొనుక్కెళ్లండి. పాలసీసా మీద గీతలుంటాయిగా, 200 గీత దాకా సీసా నీళ్లు పోసి ఒక ప్యాకెట్ మొత్తం వేసి కలపండి. ఒకేసారి ఎక్కువ కావాలంటే 600 సీసాకు సరిగ్గా మూడు. నాలుక మీద వేసుకుంటే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టినా 24 గంటలే. ఎండలో బ్యాక్‌ప్యాక్‌లో తిప్పిన దాన్ని సాయంత్రం దాకా దాచొద్దు, పారబోసి మళ్లీ కలపండి.

రెండేళ్లలోపు వాళ్లకు ప్రతి మోషన్ తర్వాత 50 నుంచి 100 మి.లీ., అంతకు పైబడిన పిల్లలకు 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా. దాహం మీద బిడ్డ గ్లాసుడు గటగటా తాగుతుంది, వెంటనే కక్కుతుంది, “మా పాపకు ఓఆర్‌ఎస్ పడదండీ” అని అమ్మ తేల్చేస్తుంది. పడకపోవడం కాదు, తాగించిన వేగం ఎక్కువ.

అక్కడ కొనాల్సి వస్తే ఫార్మసీలోనే కొనండి. థాయ్ ప్యాకెట్లు చిన్నవి, 150 మి.లీ.కి ఒకటి, 250కి ఒకటి ఉంటాయి. అంకె చూడకుండా కలపొద్దు. విరేచనాలకని ఫార్మసిస్టుకు చెప్పి అడగండి. చెమట పట్టిన ఆటగాళ్ల కోసం చేసిన పొడులు కూడా అదే అరలో కనిపిస్తాయి, అవి వేరు. మన దగ్గర ఇదే గందరగోళం పండ్ల రుచి టెట్రా ప్యాక్‌లతో నడిచింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దంది. కొబ్బరిబోండం తాగితే తాగనివ్వండి, కానీ దాంట్లో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలకు అది ఓఆర్‌ఎస్ స్థానంలో పనికిరాదు.

అపోహ: మనకు 42 డిగ్రీలు అలవాటే, అక్కడి 36 ఒక లెక్కా?

లెక్కే. ఏప్రిల్‌లో బ్యాంకాక్‌ది హైదరాబాద్ పొడి ఎండ కాదు, విశాఖ ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గ్రాండ్ ప్యాలెస్ 8:30కి తెరుస్తారు, ఆ వేళకే గేటు దగ్గరుండండి. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు సియామ్ చుట్టుపక్కల మాల్స్‌లోనో హోటల్ గదిలోనో గడపండి. స్ట్రోలర్ మీద చున్నీ కప్పేస్తే నీడ వస్తుంది, గాలి ఆగిపోతుంది, లోపల వేడి పెరుగుతుంది. స్ట్రోలర్ గొడుగు వాడి పక్కలు తెరిచి ఉంచండి. స్కైట్రైన్ స్టేషన్లలో లిఫ్ట్ ప్రతి గేటు వైపూ ఉండదు, కాబట్టి ఒంటిచేత్తో మడిచే తేలికపాటి స్ట్రోలరే పట్టుకెళ్లండి.

అపోహ: ఎండలు కదా, మూడు నెలల బిడ్డకు కాసిన్ని నీళ్లు పట్టాలి.

వద్దు. ఆరు నెలలలోపు తల్లిపాలే, కాకపోతే తరచుగా. నీళ్లు తాగాల్సింది తల్లి.

అపోహ: బయట తిండి ప్రమాదం, ఇంటి అన్నం క్షేమం.

పొద్దున కలిపి డబ్బాలో పెట్టిన పెరుగన్నం ఆ వేడిలో గంట దాటితే క్షేమం కాదు. కళ్లముందు వేయించి పొగలు కక్కుతూ ఇచ్చిందే నయం. కోసి పెట్టిన పండ్ల జోలికి పోవద్దు.

జ్వరం సంగతి ఒక్క ముక్క. బ్యాంకాక్‌లో డెంగీ ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది. అందుకని బ్యాగులో పారాసెటమాల్ ఒక్కటే ఉంచండి, ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ సిరప్‌లు ఇంట్లో వదిలేయండి, డెంగీలో అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఎండలో తిరిగాక ఒళ్లు కాలిపోతూ, బిడ్డ పిలిస్తే పలక్కుండా, తికమకగా ఉంటే అది వడదెబ్బ. దానికి పారాసెటమాల్ పని చేయదు. నీడకో ఏసీలోకో తీసుకెళ్లి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి, ఆ చేత్తోనే 1669కి ఫోన్ చేయించండి, అది థాయ్‌లాండ్ అత్యవసర వైద్య సేవల నంబర్. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు పోయొద్దు. విరేచనాలతో ఆరేడు గంటలు మూత్రం లేకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మోషన్‌లో రక్తం కనిపించినా హోటల్ గదిలో చూస్తూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్లండి.