గర్భాశయంలో ఎండార్ఫిన్‌కి ఏం పని?

అమీర్‌పేటలోనో హిమాయత్‌నగర్‌లోనో ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌కి పొద్దున్నే వెళ్లినా, ఫాలిక్యులర్ స్టడీకి, అంటే అండం ఎదుగుదలని చూసే స్కాన్‌కి వచ్చినవాళ్లు ఫైళ్లు పట్టుకుని కూర్చుని కనిపిస్తారు. రిపోర్టు చేతికి రాగానే అందరూ వెతికేవి రెండు అంకెలు. ఒకటి అండాశయంలో ఫాలికిల్, అంటే అండం పెరిగే సంచి సైజు. రెండోది ‘ఈటీ’ అని పొట్టిగా రాసే ఎండోమెట్రియం మందం, అంటే గర్భాశయం లోపలి పొర మందం. ప్రతి నెలా నెలసరి అయిపోయిన కొత్తలో అది 3, 4 మిల్లీమీటర్లకు మించదు. అండం విడుదలయ్యే వేళకి 8, 9కి వస్తుంది, కొందరిలో 12 కూడా దాటుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఇంత జోరుగా, నెలనెలా మళ్లీ మొదటినుంచి పెరిగే కణజాలం ఇంకొకటి లేదనే చెప్పాలి.

ఆ పొరని పెంచేది ఈస్ట్రోజన్ అని చాలామందికి తెలుసు. ఎవరు ఆపుతున్నారన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. ఆగకపోతే ఏమవుతుందో 1975లో అమెరికాలో బయటపడింది. నెలసరి నిలిచిపోయిన ఆడవాళ్లకి అప్పట్లో ఒక్క ఈస్ట్రోజనే ఇచ్చేవాళ్లు. అలా వాడినవాళ్లలో గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ మిగతావాళ్లలో కంటే చాలా ఎక్కువగా ఉందని తేలింది. అప్పటినుంచి గర్భాశయం ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ ఇస్తే, ఆ పెరుగుదలని ఆపే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ని జతచేయడం ఆనవాయితీ అయింది. అండం సరిగ్గా విడుదల కాని పీసీఓఎస్ సమస్యలో నెలల తరబడి నెలసరి రాకపోతే డాక్టర్లు కంగారుపడేదీ ఇందుకే. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ రాదు. ఈస్ట్రోజన్ ఒక్కటే పొరని పెంచుతూ పోతుంది.

ఈ హార్మోన్లు కణంతో నేరుగా మాట్లాడతాయనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. 1997లో చిట్టెలుకల మీద చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. గర్భాశయం లోపలివైపు పరుచుకుని ఉండే పైకణాలని ఒక చిట్టెలుక నుంచి, వాటి కింద ఆధారంగా ఉండే కణాలని ఇంకో చిట్టెలుక నుంచి తీశారు. రెంటినీ కలిపి, మూడో చిట్టెలుక కిడ్నీ పైపొర కింద అతికించి పెంచారు. పైకణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రొటీన్) లేకపోయినా, కింది కణాల్లో ఉంటే చాలు, ఈస్ట్రోజన్ ఇవ్వగానే పైకణాలు విభజన మొదలుపెట్టాయి. కింది కణాల్లో లేకపోతే మాత్రం, పైకణాల్లో ఎంత ఉన్నా కదలిక లేదు. అంటే కబురు వచ్చేది పొరుగింటి ద్వారా. ఆ పొరుగుకణాలు ఐజీఎఫ్-1 లాంటి ప్రొటీన్లని వదిలి పైవాటిని పెరగమంటాయి. ప్రొజెస్టిరాన్ కూడా ఆ పొరుగింటికే వెళ్లి పెరుగుదల ప్రొటీన్ల సరఫరాని తగ్గిస్తుంది.

నల్లమందు చుట్టాలు కనిపించేది ఈ ఇరుగుపొరుగు మాటల మధ్యలోనే.

మన కుర్మాలో వేసే గసగసాలు ఏ మొక్క గింజలో, నల్లమందు, అందులోంచి తీసే మార్ఫిన్ కూడా ఆ మొక్కవే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి భరించలేని రోగులకి ఇచ్చేది ఆ మార్ఫినే. ఎక్కడో పొలంలో కాసే కాయ పాలకి మన కణాల మీద రిసెప్టర్ ఎందుకుంది? రిసెప్టర్ ఉందని 1973లో తేలింది. రెండేళ్లకి స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పంది మెదళ్ల నుంచి ఎన్‌కెఫలిన్లని విడదీశారు. ఒక్కొక్కటీ ఐదే అమైనో ఆమ్లాల ముక్క. ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటి పదార్థం అన్నమాట. ఆ వెంటనే బీటా-ఎండార్ఫిన్, ఆ తర్వాత డైనార్ఫిన్ దొరికాయి. మార్ఫిన్‌తో కలిపి ఈ కుటుంబం మొత్తాన్నీ ఓపియాయిడ్లు అంటారు. ఒంట్లో తయారయ్యేవాటి పని నొప్పి తగ్గించడమేనని అందరూ తీర్మానించుకున్నారు. తర్వాత చూస్తే గర్భాశయంలో, అండాశయంలో, వృషణాల్లో కూడా ఇవి తయారవుతున్నాయి. వీర్యకణాలు తయారయ్యే చోట నొప్పి మందుకి ఏం పని?

జవాబుకి దారి వేరే చోట దొరికింది. 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇయాన్ జాగన్, పాట్రిషియా మెక్లాఫ్లిన్ నరాల కణాల క్యాన్సర్ ఎక్కించిన చిట్టెలుకలకి రోజూ నాల్ట్రెక్సోన్ ఇచ్చారు. ఓపియాయిడ్ రిసెప్టర్లని మూసేసే మందు అది. ఎక్కువ మోతాదు ఇచ్చి రిసెప్టర్లని రోజంతా మూసిపెడితే గడ్డలు తొందరగా పెరిగాయి. కొద్ది మోతాదుతో నాలుగు నుంచి ఆరు గంటలే మూస్తే పెరుగుదల మందగించింది. ఒకే మందుతో రెండు వ్యతిరేక ఫలితాలు. దీన్ని ఇలా అర్థం చేసుకోవాలి. కణాలు మామూలుగానే తమ ఓపియాయిడ్లతో తమని అదుపులో పెట్టుకుంటున్నాయి. అడ్డుకున్నంతసేపు ఆ అదుపు పోతుంది. అదే కాసేపు అడ్డుకుని వదిలేస్తే, ఆ లోటు పూడ్చడానికి ఒళ్లు ఓపియాయిడ్లనీ రిసెప్టర్లనీ పెంచుకుంటుంది, మిగిలిన పద్దెనిమిది, ఇరవై గంటలూ అదుపు ఇంకా బిగుస్తుంది.

ఆ పని చేసేది ఎన్‌కెఫలిన్లలో ఒకటైన మెట్-ఎన్‌కెఫలిన్. పెరుగుదల విషయంలో దానికి ఓపియాయిడ్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. పెరుగుదలని తగ్గించేదానికి ‘గ్రోత్’ అన్న పేరేమిటో నాకిప్పటికీ నవ్వొస్తుంది. దీని రిసెప్టర్ మార్ఫిన్ అతుక్కునేది కాదు, వేరేది. అది కణకేంద్రకం పొర దగ్గర ఉంటుంది. అక్కడినుంచి పీ16, పీ21 అనే ప్రొటీన్లు పెరిగేలా చేస్తుంది. కణం డీఎన్ఏని రెండో కాపీ తీసుకోబోయే ముందు అవి అడ్డంపడతాయి. కణం చచ్చిపోదు, విభజన వాయిదా పడుతుంది. సిటీ బస్సులో ఎవరో ‘హోల్డాన్’ అంటే బండి ఆగినట్టే, పాడవలేదు, మళ్లీ ‘రైట్’ అంటే కదులుతుంది.

పునరుత్పత్తి అవయవాల్లోనూ ఇలాంటిదే కనిపించింది. ఎలుక గర్భాశయ కణాలని పళ్లెంలో పెంచి ఓపియాయిడ్లు కలిపితే విభజన తగ్గింది. వృషణాల కథ ఇంకా బాగుంటుంది. పుట్టిన కొత్తలో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్, వీర్యకణాలని పోషించే సెర్టోలి కణాలని పెంచుతుంది. పెద్దయ్యాక ఎన్ని వీర్యకణాలు తయారవగలవో వాటి సంఖ్యని బట్టే ఉంటుంది. పక్కనే ఉన్న, టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణాలు బీటా-ఎండార్ఫిన్ వదిలి ఆ ఎఫ్ఎస్‌హెచ్ జోరుని తగ్గిస్తాయని 1986లో ఎలుకల్లో చూపించారు. ఆజ్ఞ మెదడు కిందనుంచి వచ్చినా, ఎంతవరకు పాటించాలో వృషణమే తేల్చుకుంటోంది.

మెదడులోనూ ఇలాంటి అదుపు ఇంకొకటి ఉంది. అండాశయాన్ని నడిపే సంకేతం మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి గంటకో గంటన్నరకో ఒక తడవగా వస్తుంది. అండం విడుదలయ్యాక మూడు నాలుగు గంటలకోసారి అవుతుంది. ఆ విరామం పెంచడంలో డైనార్ఫిన్‌కి పెద్ద పాత్ర ఉంది. ఓపియాయిడ్ నొప్పిమందులు నెలల తరబడి వాడేవాళ్లలో నెలసరి తప్పడం, మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోవడం ఈ దారిలోనే జరుగుతాయి. అలా అని డాక్టర్ రాసిన మందు టెన్షన్‌తో మానేయకూడదు, అడిగి తేల్చుకోవాలి.

ఇదంతా చదివి ‘ఎండార్ఫిన్ పెంచుకుంటే ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు) కరుగుతాయి’ అనే వాట్సాప్ సందేశం తయారుచేయడం నిమిషం పని. దయచేసి వద్దు. ఎన్‌కెఫలిన్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది, దాన్ని ముక్కలు చేసే ఎంజైములు అంతటా ఉన్నాయి. అది పుట్టిన చోటే, పక్కకణం మీదే పనిచేసేది అందుకే. పైగా కథ మనకి కావలసినంత సాఫీగా లేదు. ఎన్‌కెఫలిన్‌ని కత్తిరించే ఎంజైము ఎన్‌కెఫలినేజ్. పాథాలజిస్టులు దాన్నే సీడీ10 అంటారు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనుమానం వస్తే, బయాప్సీ ముక్కలో ఆ పొర కణాలు ఉన్నాయో లేదో తేల్చడానికి దానికే రంగు వేసి చూస్తారు. ఆ ఎంజైముని లోపలి పొరలో పెంచేది ఎవరో కాదు, ప్రొజెస్టిరానే. పెరుగుదలని ఆపే హార్మోనే, పెరుగుదలని ఆపే ఓపియాయిడ్‌ని కత్తిరించే ఎంజైముని కూడా పెంచుతోంది. తన పని మొదలయ్యాక ఎన్‌కెఫలిన్‌తో అవసరం లేదనా? ఆ ఎంజైము రక్తనాళాలని బిగించే ఎండోథెలిన్‌ని కూడా కత్తిరిస్తుంది కాబట్టి అసలు గురి దాని మీదేనా? నా ఓటు రెండోదానికి, కానీ పందెం మాత్రం కాయను.