ఎల్జీబీటీక్యూ హక్కుల పనిలోకి వచ్చేవారికి: అపోహలు - వాస్తవాలు

నేను శ్రీకాకుళంలో లాయర్‌ని. ఎల్జీబీటీక్యూ, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు లాంటివాళ్ళ హక్కుల కోసం పనిచేస్తామని కాలేజీ పిల్లలు ఫోన్ చేస్తే ఎంతో సంతోషంగా ఉంటుంది. కానీ చాలామంది మొదలుపెట్టే మాట ఒక్కటే: "మేడమ్, మా ఫ్రెండ్ గే. వాళ్ళ అమ్మానాన్నలతో నేను మాట్లాడి ఒప్పిస్తాను." అది వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: సాయం చేయడమంటే ఇంట్లో చెప్పి పెద్దల్ని ఒప్పించడం.

వాస్తవం: ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ మనిషే. వాళ్ళు అడగనిదే మీరు నోరు విప్పొద్దు. విషయం తెలిసిన మర్నాడే చదువు మాన్పించి, ఫోన్ లాక్కుని, సంబంధాలు వెతికిన ఇళ్ళు చూశాను. పలాసలో ఒకరి చెవిన పడితే సాయంత్రానికి టెక్కలిలో మేనత్తకు తెలిసిపోతుంది. మీరు చెప్పేసి మీ ఇంటికి వెళ్ళిపోతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండాల్సింది వాళ్ళు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదట్లో తొమ్మిదిమందిమి ఒక మీటింగ్ పెట్టుకున్నాం. ఆనందం పట్టలేక గ్రూప్ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పేర్లేమీ రాయలేదు, వెనక గోడ మీద మా ఉద్యమానికి గుర్తయిన ఇంద్రధనుస్సు రంగుల కాగితం మాత్రం ఉంది. పొద్దున్నే ఒకమ్మాయి ఫోన్. వెనక గిన్నెల చప్పుడు, గొంతు బాగా తగ్గించి అంది: "మేడమ్, ఫోటో మా బాబాయ్ చూశారు." వెంటనే తీసేశాను. అప్పటికే స్క్రీన్‌షాట్ వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఆ సెమిస్టర్ పరీక్షలు రాయలేదు. ఇప్పుడు మా మీటింగుల్లో ఫోన్లన్నీ ఒక స్టీలు పళ్ళెంలో పెట్టేస్తాం. అసలు పేర్లు ఎక్కడా రాయం.

ఇక మిగతా పుకార్లు. "పోలీసులు పట్టుకుంటారు" అంటారు. ఇష్టపడిన మేజర్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6నే చెప్పింది. కేసు పెడతామని బెదిరించి డబ్బు గుంజితే, అదే నేరం. భయపడి ఒక్క రూపాయి ఇవ్వకండి. స్వలింగ జంటల పెళ్ళికి చట్టబద్ధత లేదన్నది నిజమే, 2023లో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. కలిసి ఉండటానికి మాత్రం అడ్డు లేదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే ఇద్దరమ్మాయిల విషయంలో ఆ మాట చెప్పింది. గే కావడం జబ్బని, మందులతో మారుస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. అలాంటి చికిత్స వైద్యవృత్తికి తగని దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. ఇంట్లో కొడుతున్నా, నిర్బంధించినా న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయొచ్చు.

"ర్యాలీలో జెండా పట్టుకోకపోతే మేమేం పనికొస్తాం మేడమ్?" అని దిగులుపడేవాళ్ళకు ఒక కుర్రాడి గురించి చెబుతుంటాను. అతను ఇంతవరకు ఒక్క ర్యాలీకీ రాలేదు. ఫ్రెండ్‌కి విశాఖలో కౌన్సెలింగ్ ఉన్న రోజు తోడుగా బస్సెక్కుతాడు, బయట బెంచీ మీద కూర్చుంటాడు, మళ్ళీ కలిసి తిరిగొస్తారు. ఎవరడిగినా కోచింగ్‌కి వెళ్ళామనే చెబుతాడు.