గోళీల కింద గుడ్లు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవులు అమ్ములు, చంటిలకు,
అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీరు చెరో ప్రశ్న వేశారు. జవాబు చెప్పేలోపే బస్సు టైమయింది. చేపల తొట్టి అడుగున గోళీలు ఎందుకు పరిచావని అమ్ములు అడిగింది. అద్దం మీద కొడితే చేపలకు ఏమవుతుందని చంటి అడిగాడు.

గోళీల సంగతి చిన్నదే. జీబ్రా చేపలు పొద్దున వెలుగు పడగానే గుడ్లు పెడతాయి, పెట్టినవాటిని అవే తినేస్తాయి. గోళీల సందుల్లోకి జారిన గుడ్లు వాటి నోటికి అందవు.

చంటీ, నీ ప్రశ్న పెద్దది. నువ్వు టకటక కొట్టగానే చేపలన్నీ ఒక మూలకు పోయి నక్కాయి, గుర్తుందా? ఆ క్షణంలో వాటి మెదడు, తన కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. అది రక్తం ద్వారా ఇంకో కబురు పంపుతుంది. మనలో ఆ కబురు అందుకునేవి మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు. చేపకు అలా విడిగా గ్రంథి లేదు. మొప్పల వెనకాల, మూత్రపిండం ముందు భాగంలోనే ఆ కణాలు కలిసిపోయి ఉంటాయి. వాటి నుంచి వచ్చేదే కార్టిసాల్ అనే హార్మోన్. పరీక్ష హాల్లో టెన్షన్ పడితే నీ ఒంట్లో పెరిగేదీ అచ్చంగా అదే. ఎలుకలో ముఖ్యంగా వేరే హార్మోన్ ఆ పని చేస్తుంది. 30 ఏళ్లు జువాలజీ చెప్పాను గానీ, ఈ ఒక్క విషయంలో చేప మనకు ఎలుక కంటే దగ్గరి చుట్టమన్నది నాకు ఇప్పటికీ అబ్బురమే.

కాసేపు పెరిగితే కార్టిసాల్ మేలే చేస్తుంది, ఒంట్లో దాచుకున్న శక్తిని బయటికి తీసి ఇస్తుంది. రోజుల తరబడి తగ్గకపోతే మాత్రం చేప సరిగా ఎదగదు, రోగాలను తట్టుకోలేదు.

ఇక గుడ్డు దగ్గరికి రండి. తల్లి పచ్చసొనలో తిండితో పాటు కాస్త కార్టిసాల్ కూడా మూటగట్టి ఇస్తుంది. జీబ్రా చేప పిల్ల రెండు మూడు రోజుల్లో గుడ్డులోంచి బయటపడుతుంది. సొంతంగా కార్టిసాల్ చేసుకోవడం ఆ తర్వాతే. బెదిరినప్పుడు దాన్ని పెంచుకోవడం దాదాపు 4వ రోజుకు గానీ రాదు. అందాకా అమ్మ ఇచ్చిందే దానికి ఆధారం. కార్టిసాల్ సంకేతం అసలు అందకపోయినా కష్టమే, కండరాలు సరిగా ఏర్పడవు. పరిశోధకులు గుడ్లలో దాన్ని పెంచి చూస్తే పిల్లల గుండె ఆకారం చెడింది, కొట్టుకునే వేగం తగ్గింది, మెదడు ఎదిగే తీరూ మారింది. అయితే తల్లి చేప పిల్లల్ని అలా వదిలేయదు. తన రక్తంలో కార్టిసాల్ మితిమీరితే, అండాశయంలోనే కొంత పనిచేయని రూపంలోకి మారిపోతుంది. ఇది చదివిన రోజు తొట్టి ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

స్టికిల్‌బ్యాక్ అనే చేపల్లో, వేటాడే చేప తల్లిని బెదిరిస్తే ఆమె పిల్లలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఈదుతాయట, ఆ వేటాడే చేపను అవి ఎన్నడూ చూడకపోయినా! జపాన్ మెదాకా చేపల్లో ఇంకో వింత. నీళ్లు బాగా వేడెక్కితే కార్టిసాల్ పెరిగి, ఆడచేపలు కావలసినవి కొన్ని మగచేపలవుతాయి.

మా ఇంటికి దగ్గర్లో, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కూడా జీబ్రా చేపల మీద పరిశోధనలు చేస్తారు. వాటి గుడ్డు గాజులా ఉంటుంది, లోపల జరిగేదంతా కనిపిస్తుంది.

నిన్న పొద్దున గోళీలు తీస్తే గసగసాలంత గుడ్లు కనిపించాయి. గాజు గిన్నెలోకి తీసి పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. పచ్చసొన చుట్టూ ముడుచుకున్న పిల్ల, దాని గడ్డం కింద సన్నగా అదురుతున్న ఒక చుక్క. అదే గుండె. తొట్టిని మిక్సీ పక్కనుంచి తీయించి పడకగదిలో పెట్టించాను. దసరాకి మీరొచ్చేసరికి ఇవి ఈదుతుంటాయి.

మీ అమ్మమ్మ