పెంకు కింద కర్ర

చిరంజీవులు చిన్నికి, బాబీకి మామ్మ ఆశీస్సులు.

"ఊళ్లో అందరూ స్లాబులు వేయించుకుంటున్నారు, మనమూ పెంకులు తీయించేస్తే ఏటా ఈ మరమ్మతుల గొడవ ఉండదు కదా మామ్మా" అని మొన్న బాబీ అడిగాడు. ఫోన్లో చెబితే సగం టీవీ మోతలో కలిసిపోయింది. అందుకని రాస్తున్నాను. రేపు ఈ ఇల్లు మీ చేతికొస్తే ఉంచుకుంటారో తీయించేస్తారో మీ ఇష్టం. ఏం చేసినా ఈ కప్పు సంగతి తెలుసుకుని చెయ్యండి.

కాల్చిన మట్టి పెంకు వానకి కరగదు, దానికి చెద పట్టదు. పగిలితే తప్ప దానికి చావు లేదు. పాడయ్యేది దాని కింద ఉన్న కర్ర. పెంకుటింటికి చేసే మరమ్మతంతా ఆ కర్ర తడవకుండా చూసుకోవడమే.

వీధి వైపు గదుల మీద ఉన్నవి మంగుళూరు పెంకులు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగుళూరు దగ్గర జెప్పులో పెట్టిన ఫ్యాక్టరీతో వీటి తయారీ మొదలైంది. ఆ కంపెనీ పెంకు మీద 1865 అని అచ్చు ఉంటుంది. అది చూసి ఇల్లు అప్పటిదేనని ఎవరికీ చెప్పకండి, అది ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది! పెంకు తిరగేస్తే పైఅంచు దగ్గర రెండు ముక్కులు కనిపిస్తాయి. వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్నకర్రల్ని రీపర్లంటారు. ఆ ముక్కులు రీపరుకి తగులుకుంటాయి, పెంకు పక్క గాడి పక్కదాని గట్టు మీద కూర్చుంటుంది. మేకూ లేదు, సిమెంటూ లేదు. 100 చదరపు అడుగులకి 150 దాకా పడతాయి, ఒక్కొక్కటి రెండు మూడు కిలోలుంటుంది. ఆ బరువుకి ఒక్క వాసం పుచ్చి కుంగినా చాలు, పైన గాళ్లు విడిపోయి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లకి పక్క వాసం కూడా నానుతుంది. అందుకే ఊరికి వచ్చినప్పుడల్లా వీధిలో నిలబడి కప్పు వరసలు తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. ఎక్కడైనా పల్లంగా కనిపిస్తే అక్కడ కర్ర పని ఉన్నట్టే.

వెనక వసారా మీద ఉన్నవి గూన పెంకులు. కుమ్మరి చేసినవి, ముక్కులూ గాళ్లూ ఉండవు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పేర్చినవి. గాలికీ, పిల్లులకీ, కోతులకీ మెల్లగా కిందికి జారతాయి. వీటిని మాత్రం ఏటా నేయించాల్సిందే, అంటే తీసి మళ్లీ పేర్పించాల్సిందే. రోహిణి కార్తెలో ఆ పని అయిపోవాలి. మృగశిర వచ్చాక పిలిస్తే నేసేవాళ్లు దొరకరు, దొరికినా వాన ఆగదు.

కారేచోటు కనిపెట్టడం ఒక విద్య. నీటిబొట్టు పడ్డచోటే పైన పెంకు పగిలిందనుకోవద్దు. నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో కింద రాలతాయి. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి, చీకట్లో తలెత్తి చూడండి. పగిలినచోట నుంచి వెలుతురు సూదిలా దిగుతుంది. అక్కడ కింద వాసం మీద సుద్దతో గుర్తు పెట్టండి. అలా చూస్తూనే వాసాన్ని వేలితో తట్టండి. పొడి రాలితే పుచ్చు పురుగు. గోడ మీద సన్నని మట్టి దారి పైకి పాకి ఉంటే చెద. చేవ ఉన్న తాటి వాసం అంత తొందరగా లొంగదు గానీ, గోడలో దిగిన కొసలు మాత్రం ముందు పోతాయి. మేకు మొనతో గుచ్చి చూడాల్సింది అక్కడే.

పగిలిన పెంకుకి సిమెంటు పూయకండి. నాలుగు ఎండలకి అది బీటలిస్తుంది, ఆ తర్వాత ఆ పెంకుని విడిగా తీయలేరు, పక్కవి కూడా పగులుతాయి. పై వరస పెంకుల్ని చిన్న చెక్కతో కాస్త ఎత్తి, పగిలినదాన్ని లాగేసి, కొత్తది రీపరుకి తగిలిస్తే సరి. పెట్టేముందు వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల బీట ఉంది. కప్పు నడినెత్తిన కూర్చునే కొప్పు పెంకులకి మాత్రం గచ్చు కావాలి, అక్కడ నాకు సున్నమే ఇష్టం. ఎర్ర రంగు వేయించమని ఎవరో ఒకరు మీకూ చెబుతారు. రంగు చూడ్డానికి బావుంటుంది, అంతే. విడిపోయిన గాడిలోంచి దిగే నీళ్లని అది ఆపదు.

మనది మండువా ఇల్లు, నడుమ ఖాళీ వదిలి చుట్టూ కప్పు లోపలికి వాలేది, కాబట్టి ఇంకో బెడద ఉంది. రెండు వాలులు కలిసే మూలల్లో రేకు కాలువలున్నాయి కదా, కప్పు మీద నీళ్లలో చాలా భాగం అందులోంచే పోవాలి. పెరట్లో వేపాకు అక్కడే చేరుతుంది. ఆకు తడిసి అడ్డుపడితే నీళ్లు పక్కకి పొంగి పెంకుల కిందికి వెళ్తాయి. జూన్‌లో ఒకసారి, దసరా ముందు ఒకసారి ఆ ఆకు తీయించాలి. తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే కదా. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మన ఇంటికి చూరు వరసలూ, అంచులూ లేచిపోయాయి, నడిమి పెంకులు చాలామటుకు నిలిచాయి. గాలి చూరు కింద దూరి పైకి ఎత్తుతుంది మరి. ఆ తర్వాతే అంచు పెంకులన్నీ తీగతో రీపర్లకి కట్టించాం. మీ కాలంలో ఆ తీగ తుప్పు పడితే మార్పించండి. ఇంటి మీదకి వంగిన కొబ్బరిచెట్టుకి కాయలు ముదరకుండా దింపించండి, పై నుంచి ఒక్క కాయ పడితే మూడు నాలుగు పెంకులు పోతాయి.

మీరు మాత్రం పైకి ఎక్కొద్దు. పనివాళ్లు కూడా పాచి తడిగా ఉంటే ఎక్కరు. కప్పు మీద నిచ్చెన పడుకోబెట్టి, బరువు రీపర్ల మీద పడేలా నడుస్తారు. పెంకు నడుమ కాలేస్తే పటుక్కున విరుగుతుంది.

గొడ్లసావిడి వెనక గోడకి నిలబెట్టిన పెంకులు ఎవరడిగినా ఇవ్వకండి. ఒక్కో కంపెనీ గాడి ఒక్కోలా ఉంటుంది, ఇప్పుడు కొన్నవి పాతవాటిలో కూర్చోవు. మొన్న ఎవరో వచ్చి వాటికి ధర కట్టారు, హోటలు గోడకి అంటిస్తారట! పంపించేశాను.

దసరా ముందు ఆకు తీయించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. బాబీ, నీకు సెలవులుంటే రా.

మీ మామ్మ