గ్రాంటు వీధికి వస్తుంది, ఇంటి కప్పుకు కాదు: పాత ఇళ్ల మరమ్మతులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ పాతబస్తీలో డంగుసున్నం గోడల ఇంటికి మరమ్మతు అంచనా వేయడానికి ఎవరు వెళ్లినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "హెరిటేజ్ గ్రాంటు ఎప్పుడొస్తుంది?" అడిగేవాళ్ల గొంతులో ఆశ కంటే బెంగే ఎక్కువ. కప్పు కారుతుంటుంది. పై అంతస్తుకు తాళం పడి ఉంటుంది. వాటాదార్లలో సగం మంది వేరే ఊళ్లలో ఉంటారు. ఇంతలో ఎవరో ఒకరు "ప్రాజెక్టు శాంక్షనైందట, కాస్త ఆగండి" అని చెప్పి పోతారు. ఇళ్లు కూలుతున్నది ఆ "కాస్త ఆగండి" వల్లే. కాబట్టి ముందు దాని సంగతి.

అపోహ: గ్రాంటు వచ్చాక అన్నీ ఒకేసారి బాగుచేయించుకోవచ్చు.

వాస్తవం: వారసత్వ నగరాల అభివృద్ధి కోసం 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకాన్నే తీసుకోండి. 12 నగరాలు, రూ.500 కోట్లు, పూర్తిగా కేంద్రం సొమ్ము. మన దగ్గర వరంగల్, అమరావతి అందులో ఉన్నాయి, హైదరాబాద్ లేదు. ఆ డబ్బు కట్టడాల చుట్టూ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, డ్రైనేజీ, తాగునీరు, వీధిదీపాలు, మరుగుదొడ్ల కోసం. 2019 మార్చితో ఆ పథకమూ ముగిసింది. చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు కూడా వీధి పనే. ఇలాంటి పథకాల అంచనాల్లో మీ ఇంటి దూలం మార్చడానికి పద్దు ఉండదు. లేని పద్దు కోసం ఎదురుచూస్తూ నాలుగు వానాకాలాలు దాటించేస్తున్నారు.

ఆ నాలుగు వానాకాలాల్లో ఏం జరుగుతుందో చూడండి. మద్రాస్ టెర్రస్ అనే పాత పద్ధతి కప్పులో టేకు దూలాల మీద పలక ఇటుకలను సున్నంతో నిలువుగా పేరుస్తారు. వాటిపై దాదాపు మూడంగుళాల మందాన ఇటుక ముక్కల సున్నపు గచ్చు, ఆపైన బిళ్లలు. కారడం ఎక్కువగా పిట్టగోడ మూలలో, తూము దగ్గర మొదలవుతుంది. నీళ్లు గోడలోకి దిగి, గోడలో కూర్చున్న దూలం కొసను తడుపుతాయి. అక్కడ గాలి ఆడదు కాబట్టి కర్ర పుచ్చిపోతుంది. దూలం నడిమి భాగం మాత్రం ఇనుములా ఉంటుంది. కింద నిలబడి చూసి "టేకండీ, ఇంకో వందేళ్లు ఉంటుంది" అనుకునేది అందుకే. కొస తెగిన రోజు కప్పు ముందస్తు సూచన లేకుండా దిగుతుంది.

పరీక్ష చాలా తేలిక. గోడకు ఆనుకున్న చోట దూలంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చండి. బలం పెట్టకుండానే అరంగుళం దిగితే కొస పోయినట్టే. ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు, వెంటనే కింద ఊత కర్రలు పెట్టించండి. పుచ్చు కొస వరకే ఉంటే మొత్తం దూలం మార్చనక్కర్లేదు. పుచ్చిన భాగం కోసి, రెండు వైపులా ఉక్కు చానెళ్లు పెట్టి బోల్టులతో బిగించి, గోడలో కూర్చునే కొస చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదిలితే చాలు. కారడం మొదలైన ఏడాదే తూము శుభ్రం చేసి, మూలలో చెడిన గచ్చు తీసి మళ్లీ వేయిస్తే ఈ ఇబ్బంది దాకా రాదు. పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను పైపైన కోయకండి, రెట్టింపు వేళ్లతో వస్తుంది. చుట్టూ సున్నం గీకి, వేరుతో సహా తీసి, ఆ సందును మళ్లీ సున్నంతోనే నింపాలి.

అపోహ: సిమెంటు వేస్తే గట్టిపడుతుంది.

వాస్తవం: సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. బయట సిమెంటు పూత పెడితే చెమ్మకు దారి మూసుకుపోతుంది, ఇంకా పైకి ఎగబాకుతుంది. చెమ్మలోని ఉప్పు ఆ పూత వెనక చేరి దాన్ని ముందుకు తోస్తుంది. రెండు మూడేళ్లలో పూత పెచ్చులుగా ఊడుతుంది, ఇటుక ముఖాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. కప్పు మీద సిమెంటు గచ్చు పోయడం ఇంకా ప్రమాదం, పుచ్చిన దూలానికి అదనపు బరువు. గోడకు పూత అంటే తడిసిన సున్నం ఒక వంతు, ఇసుక రెండు నుంచి మూడు వంతులు. సున్నాన్ని గుంటలో కనీసం రెండు వారాలు నానబెట్టాలి. ఒక్కో పొర అరంగుళం దాటకూడదు. తడి గోనెలు కప్పి వారం రోజులు ఎండ తగలకుండా చూడాలి. సున్నం గాలి పీల్చుకుని గట్టిపడేది కాబట్టి తొందర పనికిరాదు. పైన వెల్లే వేయాలి. వీధి అందం కోసం వచ్చిన నిధితో ముఖభాగాలకు యాక్రిలిక్ రంగు పూయిస్తామంటే వద్దని రాసివ్వండి, అదీ గోడ ఊపిరి బిగించేదే.

అపోహ: వీధికి గ్రాంటు వస్తే మనం చేయాల్సిందేమీ లేదు.

వాస్తవం: చాలా ఉంది. ప్రభుత్వ సొమ్ముతో వీధిని బాగుచేయడం ఈ ఊరికి కొత్త కాదు. 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలోనే పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాల వరుస లేచింది. కానీ వీధి పని సరిగ్గా జరగకపోతే ఇళ్లకు మేలు కంటే కీడే ఎక్కువ. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే మరో పొర వేస్తే మట్టం పెరుగుతుంది, గడప గుంటలో పడుతుంది. ఆపైన ప్రతి వాన నీరూ నడవలోకే. పని మొదలయ్యే ముందే మీ గడప మట్టం కొలిపించి, ఫొటో తీసి, కార్పొరేషన్ ఇంజినీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పూర్తయిన రోడ్డు గడప కంటే కనీసం ఆరంగుళాలు కిందుండాలని అందులో రాయండి.

పని వరుస కూడా అడగండి. ముందు మురుగు లైను, వాన నీటి కాలువ వేరువేరుగా. తర్వాత తాగునీటి పైపు, కరెంటు, కేబుళ్ల గొట్టాలు, వాటితోపాటు ఒకటి రెండు ఖాళీ గొట్టాలు. ప్రతి ఇంటి కనెక్షనూ కలిపి పరీక్షించాకే రాళ్లు పరవాలి. ఈ వరుస తప్పితే కొత్త గ్రానైటు ఆరు నెలల్లో మళ్లీ తవ్వకం పాలవుతుంది. మట్టాల డ్రాయింగు, పనుల పరిమాణాల పట్టిక, వినియోగ ధ్రువపత్రం (వచ్చిన నిధులు దేనికి ఖర్చయ్యాయో చూపే పత్రం) ఆర్టీఐలో అడగవచ్చు. రుసుము రూ.10, గడువు 30 రోజులు. వినియోగ ధ్రువపత్రం వెళ్లకపోతే తర్వాతి విడత నిధులు ఆగుతాయి. "డబ్బు అయిపోయింది" అని చెప్పే చోట అసలు సమస్య చాలాసార్లు ఇదే.

మిగిలినవి క్లుప్తంగా.

"చార్మినార్ దగ్గరుంటే మేకు కూడా కొట్టకూడదు" అనేది వదంతి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, కానీ అనుమతితోనే. పడగొట్టి కట్టడం మరమ్మతు కిందికి రాదు. ఆ తర్వాతి 200 మీటర్లలో కొత్త నిర్మాణానికీ అనుమతి అడగవచ్చు. దరఖాస్తును 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలని, అథారిటీ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలని చట్టంలోనే ఉంది. అనుమతి లేకుండా దిగితే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

"టీడీఆర్ అంటే సర్కారు ఇచ్చే నగదు." కాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో హెరిటేజ్ కట్టడాన్ని నిలబెట్టి వాడుకలో ఉంచినవాళ్లకు టీడీఆర్, అంటే వేరేచోట వాడుకునేందుకు అమ్ముకోగల నిర్మాణ హక్కు, వెసులుబాటు ఉంది. అది ఒక ధ్రువపత్రం. కొనే బిల్డరు దొరికితేనే డబ్బు. వాటాదార్ల తగాదా, వక్ఫ్ వివాదం, పాత అద్దెదారు కేసు ఉంటే ముందు వాటిని తేల్చుకోవాలి, టైటిల్ తేలకుండా ఫైలు కదలదు.

"ముందు పని చేయించి తర్వాత క్లెయిమ్ చేయవచ్చు." ఏ పథకమైనా శాంక్షన్ తేదీకి ముందు చేసిన పనికి సాధారణంగా డబ్బు ఇవ్వదు. అయినా కారే కప్పును దానికోసం ఆపకండి. పని ముందు, తర్వాత ఫొటోలు, బిల్లులు దాచుకోండి, మిగిలిన పనికి అవి ఆధారం అవుతాయి.

"ఐదు వేలిస్తే లిస్టులో పేరెక్కిస్తాం" అని వచ్చేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఆ ఐదు వేలతో జూన్ లోపు తూములు తీయించి, పిట్టగోడ మూలలకు సున్నం పట్టించండి.