ఫోటో తీసుకొస్తే రీసెర్చ్ అయిపోతుందా? అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా నా పని ఊళ్లు తిరగడం, మనుషులతో మాట్లాడటం, వాళ్లు సరేనంటే ఫోటోలు తీయడం. ఇళ్లు, కూలి, నీళ్లు, వలస లాంటి విషయాల మీద జరిగే సామాజిక పరిశోధనల్లో కెమెరా బాధ్యత ఎక్కువగా నా మీదే పడుతుంది. టీములో కొత్తగా చేరినవాళ్లు ఏటా అవే మాటలు అంటుంటారు. రిపోర్టు రాయించుకునే పెద్దలు కూడా అవే అంటారు. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. వీటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: ఫోటో అబద్ధం చెప్పదు.

మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో వంటచెరకు మీద సర్వే చేస్తున్నాం. పొద్దున ఆరింటికి ఒకింట్లో ఫోటో తీశాను. మసిబారిన గోడ, మండుతున్న కట్టెల పొయ్యి, దాని మీద పెద్ద గంజు. మూలన గ్యాస్ సిలిండర్, దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఇంకేం కావాలి? "గ్యాస్ ఉంది, వాడరు" అని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. నెల తర్వాత ప్రింటు పట్టుకెళ్లి చూపిస్తే ఆ ఇల్లాలు పగలబడి నవ్వింది. "అవి తానానికి నీళ్లు మేడం. బువ్వ గ్యాసు మీదనే వండుతం." సిలిండర్ మీద గుడ్డ దుమ్ము పడకుండా కప్పిందట.

ఆ ఫోటోలో ఎవరూ ఏదీ మార్చలేదు. ఉన్నదున్నట్టే ఉంది. తప్పు చదివింది నేను.

కావాలని మార్చిన ఫోటోలూ లేకపోలేదు. అమెరికా ఆదివాసీల ఫోటోలకు పేరుపడిన ఎడ్వర్డ్ కర్టిస్ 1910లో పీగన్ తెగ గుడారంలో కూర్చున్న ఇద్దరిని తీశాడు. వాళ్ల మధ్య ఒక గడియారం ఉంది. అచ్చులోకి వచ్చేసరికి అది మాయమైంది. "అంతరించిపోతున్న పాతకాలపు జాతి" దగ్గర గడియారం ఉంటే ఆయన చెప్పదలచుకున్న కథ నిలబడదు మరి. ఇలాంటి మోసం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. నా వంటింటి ఫోటో లాంటివి బయటపడవు, అందుకే నాకు వాటంటేనే ఎక్కువ భయం.

అపోహ: ఫోటోలు రిపోర్టు అందం కోసం.

అట్ట మీద నవ్వుతున్న పాప, లోపల మీటింగులో చాప మీద కూర్చున్న ఆడవాళ్లు. నిజమే, చాలా రిపోర్టుల్లో ఫోటో చేసే పని ఇంతే. అసలు పని ఇంటర్వ్యూలో ఉంది. జాన్ కొలియర్ అనే ఫోటోగ్రాఫర్ 1950లలో కెనడా తీర ప్రాంతంలో ఒక మానసిక ఆరోగ్య పరిశోధనలో చేరాడు. కొందరితో ఫోటోలు ముందు పెట్టి, కొందరితో ఉత్త ప్రశ్నలతో మాట్లాడించి, రెండిటినీ పోల్చి 1957లో వ్యాసం రాశాడు. ఫోటో ఉన్నప్పుడు మాటలు వివరంగా, సూటిగా వచ్చాయి. మనిషిని ప్రశ్నిస్తున్నట్టు కాకుండా ఇద్దరూ కలిసి మూడో వస్తువును చూస్తున్నట్టు ఉండటం అందుకు ఒక కారణం.

పైన చెప్పిన ఇల్లాలే నవ్వడం అయ్యాక ప్రింటులో సజ్జ మీద వేలు పెట్టింది. వరసగా స్టీలు సామాను, మధ్యలో ఖాళీ. పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె అక్కడ ఉండేదట. కొడుకు ఫీజుకు కుదువ పెట్టింది, ఇంకా విడిపించలేదు. మా ప్రశ్నల కాగితంలో అప్పుల గురించి నాలుగు ప్రశ్నలున్నాయి. నాలుగిటికీ ఆమె ముందే "ఏం లేవు" అని చెప్పి ఉంది.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. పోస్టుకార్డు సైజు ప్రింట్లు తీసుకెళ్లండి. ఫోన్ తెర చూపిస్తే చేతికి అందినట్టుండదు, పైగా వేలు తగిలి పక్కింటి వాళ్ల ఫోటో వస్తుంది. "ఇది ఏమిటి?" అని అడగొద్దు, "దీని గురించి చెప్పండి" అని ఊరుకోండి.

అపోహ: సంతకం పెట్టించుకున్నాం, ఇక అనుమతి ఉన్నట్టే.

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోసే కూలీల శిబిరంలో డొరొతియా లాంజ్ ఒక తల్లిని పిల్లలతో ఫోటో తీసింది. పేరు కూడా అడగలేదు. "వలస తల్లి"గా ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. పత్రికలో వార్త చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి తిండి పంపింది, అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ స్త్రీ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె బాధపడింది. నలభై రెండేళ్లు మరి.

అప్పట్లో సంతకం పెట్టించుకుని ఉంటే మాత్రం ఏం మారేది? ఫోటో ఎక్కడెక్కడికి పోతుందో తీసిన మనిషికే తెలియదు. అందుకే నేను మూడుసార్లు అడుగుతాను: తీసే ముందు, ప్రింటు చూపించాక, ఎక్కడైనా వేసే ముందు. ఎక్కడ వేస్తామో దానికి విడిగా అడుగుతాను. ఒకామె చెప్పిన జవాబు నాకు ఏ నీతి నియమావళిలోనూ దొరకలేదు: "పుస్తకంల ఏసుకో. వాట్సాప్‌ల మాత్రం వద్దు, మా ఆడబిడ్డ చూస్తది."

అపోహ: ముఖం బ్లర్ చేస్తే చాలు.

చాలదు. చేతి మీది పచ్చబొట్టు, గేటు మీది నంబరు, వెనకాల గుడి. ఊళ్లోవాళ్లు నడకను బట్టి కూడా గుర్తుపడతారు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో ఫైల్లోనే దాక్కుని ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోను డాక్యుమెంటుగా పంపితే అదీ వెంటే వెళ్తుంది.

అపోహ: పాత ఫోటోలు ఎవరి పక్షమూ కాదు, చరిత్రకు ఆధారాలు.

1876-78 కరువు రాయలసీమను తుడిచిపెట్టింది. మనవాళ్లు ధాత కరువు అన్నది దాన్నే. అప్పటి ఫోటోలంటూ ఇప్పటికీ చేతులు మారుతున్న వాటిలో చాలావరకు మద్రాసు సైన్యంలో పనిచేసిన విలోబీ హూపర్ అనే అధికారి తీసినవి. ఎముకల గూడులైన మనుషుల్ని స్టూడియోలో కుటుంబం ఫోటోకి నిలబెట్టినట్టు వరసలో కూర్చోబెట్టాడు. ఇదే హూపర్ తర్వాత బర్మాలో ఖైదీల్ని కాల్చిచంపే క్షణాన్ని ఫోటో తీయబోయి విచారణ ఎదుర్కొన్నాడు. కరువు జరిగిందనడానికి ఆ ఫోటోలు ఆధారమే, నేను కాదనను. ఆ మనుషుల్ని ఎవరు, ఎలా చూశారో చెప్పడానికి అంతకన్నా పెద్ద ఆధారం.

మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సంగతి వేరు. ఆయన 1940లలో నిజాం రాజ్యంలో చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర నెలల తరబడి ఉన్నాడు. ఫోటోల్లో ఆ చనువు కనిపిస్తుంది. కానీ అవిప్పుడు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ సంస్థ దగ్గర ఉన్నాయి, వాటిలోని మనుషుల మనవలు నల్లమలలో, ఆదిలాబాద్‌లో ఉన్నారు.

అపోహ: కెమెరా ఊళ్లోవాళ్ల చేతికే ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు.

గొడవ తగ్గుతుంది, పోదు. 1990లలో చైనాలోని యున్నాన్‌లో 62 మంది పల్లె స్త్రీలకు కెమెరాలిచ్చి చేసిన పని నుంచే ఫోటోవాయిస్ అనే పద్ధతి పేరుకెక్కింది. మనకు జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలున్నారు. బడికి వెళ్లని దళిత రైతు స్త్రీలు వీడియో నేర్చుకుని షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింద నుంచి పైకి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. కెమెరా కోణం గురించి నేను చదివినదంతా ఈ మూడు ముక్కల్లో వచ్చేసింది. అయితే ఫోన్ ఇచ్చినంత మాత్రాన ఇంట్లో అది ఆడపిల్ల చేతిలోనే ఉంటుందనుకోవద్దు. ఒకసారి అమ్మాయిలకు ఫోన్లిస్తే వచ్చిన ఫోటోల్లో సగం వాళ్ల అన్నలు బైకుల మీద.

అపోహ: మనిషి కెమెరా వైపు చూడనప్పుడు తీసిందే సహజమైన ఫోటో.

ఈ మాట అనేవాళ్లకు తమ ఫోటో మాత్రం జుట్టు సర్దుకున్నాకే తీయాలి. పాత ఇళ్ల మీద పనిచేస్తున్నప్పుడు ఒక పెద్దమ్మను గోడ దగ్గర నిలబెట్టాను. నాకు గోడలో బీటలు కావాలి. ఆమె "ఉండు బిడ్డా" అని లోపలికెళ్లి చీర మార్చుకుంది, పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుంది, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నవ్వకుండా, సూటిగా కెమెరాలోకి చూసింది. మొదట విసుక్కున్నాను. తను లోకానికి ఎలా కనబడాలనుకుంటుందో ఆమె చెబుతోందని అర్థమవడానికి కొంత కాలం పట్టింది.

ప్రింటు ఇచ్చి వచ్చాను. ఏడాది తర్వాత వెళ్తే అది పెద్దదై, ఫ్రేము కట్టి, పెనిమిటి ఫోటో పక్కన వేలాడుతోంది. మండలంలో స్టూడియో అబ్బాయి చేశాడట. బీటలు వారిన గోడ లేదు. ఆమె వెనకాల ఇప్పుడు జలపాతం ఉంది.